థర్టీత్రీలతో కొండెక్కితే

కొలరాడోలో జార్జ్‌టౌన్ దాటగానే ఐ-70 ఒక్కసారిగా ఎత్తందుకుంటుంది. స్టీరింగ్ మీ చేతిలోనే ఉంది. బండి టొయోటా టకోమా, 3.5 లీటర్ల వీ6, ఆటోమేటిక్. కంపెనీ ఇచ్చిన 265/70ఆర్16 టైర్లు తీసేసి 285/75ఆర్16 ఎక్కించారు, అందరూ థర్టీత్రీలు అంటారే, అవి. ఆపి ఉంచితే ఎంత ఠీవిగా ఉందో!

యాక్సిలరేటర్ నొక్కండి. ఆరో గేరు నిలవదు. ఐదుకి దిగుతుంది, కాస్త ఊపందుకోగానే మళ్లీ ఆరు, అంతలోనే ఐదు, మలుపు దగ్గర నాలుగు. ఆర్పీఎం ముల్లు రెండు వేల దగ్గర్నుంచి ఎగిరి నాలుగు వేలు దాటుతుంది. ఇంజిన్ ఒకటే గోల, బండి మాత్రం ముందుకి లాగదు. "పికప్ పోయిందిరా!" అంటాడు పక్కనున్న మిత్రుడు.

ఇంజిన్‌కేమీ కాలేదు. పాత టైరు ఎత్తు 30.6 అంగుళాలు, ఇది 32.8. మైలుకి పాతది దాదాపు 660 చుట్లు తిరిగేది, ఇది 615 తిరుగుతుంది. చుట్టుకి ఎక్కువ దూరం పోతున్నాం కదా, లాభమేగా అనిపిస్తుంది. ఎక్కుడులో అదే నష్టం. యాక్సిల్‌కి అందే బలం మారలేదు, నేల దానికి దూరమైంది. గునపాన్ని చివర కాకుండా మధ్యలో పట్టుకుని బండరాయి లేపబోయినట్టే. నేలను నెట్టే బలం 7 శాతం దాకా తగ్గి, 3.91 యాక్సిల్ రేషియో 3.64లా పనిచేస్తోంది. పైగా పెరిగిన బరువులో ఎక్కువ భాగం చక్రం అంచునే ఉంది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచన. టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. ఎదురుగా ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది.

స్పీడోమీటర్ 60 చూపిస్తోందా? మీరు పోతున్నది 64లో. ఓడోమీటర్‌దీ అదే దారి, కాబట్టి మైలేజీ లెక్కేసేటప్పుడు మైళ్లకి 7 శాతం కలుపుకోండి.

సొరంగం దాటాక సిల్వర్‌థార్న్ దాకా నిటారు దిగుడు. నాకు అసలు భయం ఇక్కడే. పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకు ఇంకా గట్టిగా పట్టాలి, ఇంజిన్ పట్టు కూడా తగ్గింది. బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకండి, గేరు మూడుకి దించండి.

దీనికి మందు క్రౌన్-పినియన్ మార్చడం. 43కి 11 పళ్లున్న జత తీసి 41కి 9 ఉన్నది వేస్తే రేషియో 4.56 అవుతుంది. ఫోర్‌వీల్ బండి కాబట్టి ముందూ వెనకా రెండూ మార్చాల్సిందే. ఖర్చు టైర్లకేమీ తీసిపోదు. ఆ డబ్బు చేతిలో లేనప్పుడు టైర్ల కొనుగోలే వాయిదా వేయమంటాను. మార్చాక మొదటి కొన్ని వందల మైళ్లు నెమ్మదిగా నడపండి, ట్రైలర్ తగిలించకండి. కొత్త పళ్లు ఒకదాంతో ఒకటి సర్దుకున్నాక డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించండి.