బొంతలో మిగిలిన పేర్లు

మన వంశవృక్షం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒకటే చిక్కు. మగవాళ్ళ పేర్లు పట్టాల్లో, శిస్తు రసీదుల్లో దొరుకుతాయి. ఆడవాళ్ళవి దొరకవు. మూడు తరాలు వెనక్కి పోతే "ఆదోని అవ్వ", "రాయదుర్గం పెద్దమ్మ" అని పుట్టింటి ఊరు మాత్రం మిగులుతుంది. వాళ్ళు మనకు వదిలిపోయింది కాగితం కాదు, బట్ట. అందుకే ఈసారి మన ఇళ్ళల్లోని బొంతల గురించి రాస్తున్నా.

బొంత పాత మాట. బ్రౌన్ దొర 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులోనే ఉంది. కన్నడంలో బొంతె అనే మాట ఉన్నా, ఉత్తర కర్ణాటకలో ఎక్కువగా వినపడేది కౌది. మరాఠీవాళ్ళు గోధడీ అంటారు, బెంగాలీలు కాంథా అంటారు. హళియాళ, యల్లాపుర వైపు సిద్ధి ఆడవాళ్ళు కుట్టేది కవంద్. వాళ్ళు ఒక మూల మొదలుపెట్టి, చుట్టూ కుట్టుకుంటూ నడిమికి వస్తారు. నాలుగు మూలలకీ మడిచిన గుడ్డతో పూలు పెడతారు. మన ఇంట్లో రెండు మాటలూ నడుస్తాయి: కుట్టేటప్పుడు బొంత, కప్పుకునేటప్పుడు కౌది!

పని చెప్పడానికి సులభం. బాగా ఉతికి మెత్తబడిన నూలు చీరలు రెండు మూడు పొరలుగా పరుస్తారు. చిరిగిన చోట ఇంకో గుడ్డ అతుకుతారు. ఆ తర్వాత నేల మీద కూర్చుని వరసగా టాకాలు వేసుకుంటూ పోతారు. ఈ టాకాలే పొరల్ని పట్టి ఉంచేది. అవి ఎంత దగ్గరగా పడితే బొంత అన్ని ఉతుకులు ఓర్చుకుంటుంది. చీర ముందు చిరిగేది కూర్చునే చోట, కాళ్ళకు తగిలే కింది అంచు దగ్గర. కొంగు, లోపలి మడతలు గట్టిగా మిగులుతాయి. అందుకే పాత బొంతల పైపొరలో కొంగులు ఎక్కువ కనిపిస్తాయి.

మన వైపు ఇళకల్ చీరలు ఎక్కువ కాబట్టి ఇంకో గుర్తు ఉంది. ఇళకల్ చీరలో ఒళ్ళు పడుగు, కొంగు పడుగు వేరు. నేసేటప్పుడే ఆ రెండిటి దారాల్ని ఒకదానిలో ఒకటి ఉంగరాల్లా తగిలించి కలుపుతారు. దాన్ని తోపె తెని అంటారు. బొంతలో ఎర్ర కొంగు పక్కన ఆ అతుకు గీత కనిపిస్తే అది ఇళకల్ చీర అని చెప్పొచ్చు.

బట్టను ఇంతగా దాచుకోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు, కొరత కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో బట్ట ధర ఆకాశానికి పోయింది. 1943లో సర్కారు నూలు బట్ట మీద, నూలు దారం మీద కంట్రోలు తెచ్చింది. పత్తి పండే నల్లరేగడి నేల మీద ఉండి కూడా జనం బట్టకు కటకటపడిన కాలం అది. అప్పుడు పాత చీర అంటే ఆస్తి.

తర్వాత పదేళ్ళకు సరిహద్దు మారింది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. నిన్నటిదాకా ఒకే జిల్లాగా ఉన్న పుట్టిల్లు, మెట్టిల్లు రెండు రాష్ట్రాలైనాయి. బడి మారింది, కచేరీ భాష మారింది. నాలాంటివాళ్ళం కన్నడంలో చదువుకుని, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నాం. కానీ కాన్పుకు పుట్టింటికి పోయిన ఆడపిల్ల తిరిగి వచ్చేటప్పుడు బిడ్డతో పాటు చిన్న బొంత రావడం ఆగలేదు. పురుడు వెళ్ళేదాకా పసిబిడ్డకు కొత్త బట్ట వేయరు, పెద్దవాళ్ళ పాత చీరే పక్క. నిండుగా బతికిన అవ్వ చీర అయితే బిడ్డకు ఆయుష్షు అని నమ్మకం. నమ్మకం మాట ఎట్లున్నా, మెత్తటి నూలు బట్ట పసి ఒంటికి గుచ్చుకోదు, చెమట పీలుస్తుంది.

నైలాను, పాలియెస్టరు చీరలు ఇంటింటికీ వచ్చినాక ఈ వరస తెగింది. అవి చిరగవు, ఆరబెట్టే పని తక్కువ, మన అమ్మలకు అవే సుఖమైనాయి. అయితే ఆ చీరలు మెత్తబడవు, చెమట పీల్చవు, పొరలు జారిపోతాయి. వాటితో బొంత కుదరదు. అంటే మన ట్రంకు పెట్టెల్లో ఇప్పుడు మిగిలిన నూలు చీరలే ఆఖరి పంట.

మొన్న పెళ్ళిలో మన పిల్లలు ఆ చీరలతో దిండు గలీబులు, చేతిసంచులు, ఉయ్యాల బొంతలు కుట్టించి అందరికీ పంచుదామంటే పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. అవ్వ చీరకు కత్తెర పెడతారా అని కోపం. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అవ్వలే ఆ పని చేశారు కదా! వాళ్ళ అమ్మల చీరలు చించే మన నాయనలకు పక్క వేశారు. పెట్టెలో మడత మీదే ఉంచిన చీర ఆ మడతల దగ్గరే పుటుక్కుమంటుంది. పది ఇళ్ళకు పోయిన ముక్కల్లో రెండైనా నిలుస్తాయి.

నా లెక్కలో కత్తెర తప్పు కాదు, పేరు రాయకపోవడమే తప్పు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో రాసిపెట్టకపోతే తర్వాత ఎవరికీ అంతు చిక్కదని రోజూ చూస్తుంటా. కాబట్టి కోసే ముందు చీర మొత్తం పరిచి ఫోటో తీయండి. కొంగు, అంచు కలిసే చోటు కొంతైనా కోయకుండా ఉంచండి. ఎర్ర కొంగు రంగు వదులుతుంది, విడిగా తడిపి చూడండి. మిగిలిన బట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, నీడలో గాలికి ఆరేసి వేపాకుతో దాచండి.

కుట్టిన ప్రతి వస్తువు లోపలివైపు ఒక తెల్లగుడ్డ ముక్క అతికి, దారంతో మూడు సంగతులు కుట్టండి: చీర ఎవరిది, ఆమె పుట్టిన ఊరు ఏది, కుట్టిన సంవత్సరం. తెలుగులో రాసినా, కన్నడంలో రాసినా సరే. ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, అవ్వల అసలు పేర్లు కనుక్కోండి. చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు.