గేటు లైటుకు స్మార్ట్ బల్బా, స్మార్ట్ స్విచ్చా?

సంక్రాంతికి ఊరు బయల్దేరుతూ గేటు లైటు వేసి వెళ్తే, నాలుగు రోజులూ పట్టపగలు కూడా అది వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేరని వీధంతటికీ తెలిసిపోతుంది. ఆపేసి వెళ్తే రాత్రంతా వాకిలి చీకటి. ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే లైట్ల గురించి చాలామంది ఆలోచన మొదలయ్యేది ఇలాంటప్పుడే. మరి మార్చాల్సింది బల్బునా, స్విచ్‌నా?

సొంతిల్లయితే, ఆరుబయట లైట్లకు చాలా సందర్భాల్లో స్విచ్చే మేలు.

తేడా ఎక్కడుంది?

స్మార్ట్ బల్బులో వైఫై చిప్, కంట్రోల్ సర్క్యూట్ బల్బు లోపలే ఉంటాయి. పాత హోల్డర్‌లో పెట్టుకుంటే చాలు, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. వెలుగు తగ్గించుకోవచ్చు, కొన్నింటిలో రంగూ మార్చుకోవచ్చు. కానీ గోడ మీది స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. ఊళ్లో అమ్మ పడుకునే ముందు అలవాటు కొద్దీ స్విచ్ కట్టేస్తే బల్బుకు కరెంటే అందదు. హైదరాబాద్‌లో ఉన్న కూతురు ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కినా ‘ఆఫ్‌లైన్’ అనే కనిపిస్తుంది.

స్మార్ట్ స్విచ్‌తో ఈ గొడవ లేదు. గోడ మీద నొక్కినా, ఫోన్‌లో నొక్కినా పనిచేస్తుంది. ఇంట్లో ఎవరికీ కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. పాత స్విచ్‌లను అలాగే ఉంచి, వాటి వెనక బోర్డులో బిగించే చిన్న మాడ్యూళ్లు కూడా దొరుకుతున్నాయి. ప్రహరీ మీది నాలుగు లైట్లకూ ఒకే స్విచ్ ఉంటే ఒక్క మాడ్యూల్‌తో పని అయిపోతుంది. అదే బల్బులైతే నాలుగూ కొనాలి.

వాన, వేడి, గోడలు

బయట బల్బుకు కష్టాలు ఎక్కువ. చాలా స్మార్ట్ బల్బులు ఇంటి లోపల వాడేందుకు తయారైనవే. వాన తగిలే చోట ఫిక్చర్‌కు ఐపీ రేటింగ్ చూడాలి. ఐపీ65 అంటే దుమ్ము లోపలికి పోదు, నీటి ధార తగిలినా తట్టుకుంటుంది. అలాంటి మూసి ఉన్న గ్లాసు ఫిక్చర్‌లో బల్బు పెడితే, ఈసారి వేడి బయటకు పోదు. ఎల్ఈడీ ఆయుష్షును తినేసేది ఆ వేడే. పూర్తిగా మూసిన ఫిక్చర్లలో వాడొద్దని కొన్ని బల్బుల పెట్టెల మీదే రాసి ఉంటుంది. కొనేటప్పుడు దాన్ని ఎవరూ చదవరు.

సిగ్నల్ సంగతీ చూడాలి. హాల్లో ఉన్న రౌటర్ నుంచి గేటు స్తంభం దాకా మధ్యలో రెండు గోడలు, ఆపైన ఇనుప ఫిక్చర్ ఉంటే వైఫై బలహీనపడుతుంది. ఇలాంటి పరికరాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదే పనిచేస్తాయి. కొనకముందే గేటు దగ్గర నిలబడి ఫోన్‌లో సిగ్నల్ చూసుకోండి. స్విచ్ ఇంటి లోపలే ఉంటుంది కాబట్టి దానికి వాన తగలదు, సిగ్నల్ కూడా మెరుగ్గా అందుతుంది. బయట మామూలు ఎల్ఈడీ బల్బు మాడిపోతే మరొకటి కొని పెట్టుకోవడమే.

బోర్డులో న్యూట్రల్ ఉందా?

స్విచ్‌కు ఉన్న పెద్ద అడ్డంకి ఇదే. లైటు ఆపి ఉన్నా స్మార్ట్ స్విచ్‌కు నిరంతరం కొంచెం కరెంటు కావాలి. అందుకే చాలా మోడళ్లకు బోర్డులో న్యూట్రల్ వైరు ఉండాలి. మన ఇళ్లలో స్విచ్‌బోర్డు మీదే ప్లగ్ సాకెట్ ఉండటం మామూలే. సాకెట్ ఉందంటే సాధారణంగా న్యూట్రల్ కూడా ఉన్నట్టే. ఒంటరి స్విచ్ మాత్రమే ఉన్న పాత బోర్డుల్లోనే ఇబ్బంది. మెట్ల దగ్గర పైనా కిందా నడిచే టూ-వే స్విచ్ ఉంటే, దానికి పనికొచ్చే మోడలో కాదో అడిగి తీసుకోవాలి.

ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే, మెయిన్ ఆపి చేయించాలి. మాడ్యూల్ మీద రాసిన ఆంపియర్లు చూడకుండా బోరు మోటారును కూడా దానికే కలపాలన్న ఆశ వద్దు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకు లైట్ల మాడ్యూల్‌లోని రిలే మాడిపోవచ్చు.

కరెంటు పోయి వచ్చాక?

అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే చాలా స్మార్ట్ బల్బులు వాటంతటవే పూర్తి వెలుగుతో వెలుగుతాయి. గోడ స్విచ్‌ను వేసి తీసి బల్బు వెలిగించుకునేలా అలా పెడతారు. తాళం వేసిన ఇంట్లో అది పొద్దున దాకా, ఆ తర్వాత కూడా వెలుగుతూనే ఉండొచ్చు. కరెంటు తిరిగొచ్చాక పాత స్థితికే వెళ్లే సెట్టింగ్ యాప్‌లో ఉందో లేదో కొనేముందే తెలుసుకోండి. స్విచ్‌కూ ఇదే ప్రశ్న వేయాలి. ఇంటర్నెట్ లేకపోయినా షెడ్యూల్ నడుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న.

షెడ్యూల్‌ను గడియారం టైముకు కాకుండా సూర్యాస్తమయానికి పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో నవంబర్ చివర సుమారు 5.40కే పొద్దు గూకుతుంది, జులై మొదట్లో దాదాపు 6.55కు. తేడా గంటంబావు.

స్టాండ్‌బై ఖర్చు గురించి భయపడక్కర్లేదు. ఒక బల్బు అర వాటు తీసుకుంటుందనుకుంటే ఏడాదికి సుమారు 4 యూనిట్లు. ఆపడం మరిచిన 9 వాట్ల బల్బు రోజూ పగలు 12 గంటలు వెలిగితే ఏడాదికి 39 యూనిట్లకు పైనే.

అద్దె ఇంట్లో ఉంటే మాత్రం బల్బే సరైనది. ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లొచ్చు, బోర్డు విప్పడానికి ఓనర్‌ను అడగక్కర్లేదు. స్విచ్ పొరపాటున కట్టేయకుండా దాని మీద టేపు అంటించుకుంటే చాలు. స్మార్ట్ బల్బు, స్మార్ట్ స్విచ్ రెండూ ఒకే లైటుకు పెట్టడం దండగ. స్విచ్ ఆపగానే బల్బు ఆఫ్‌లైన్ అవుతుంది.

ఫోన్‌తో నియంత్రించే అవసరమే లేదు, చీకటి పడగానే వెలిగి తెల్లారగానే ఆరితే చాలు అనుకునేవారికి వైఫైతో పనే లేదు. వెలుతురును పసిగట్టే సెన్సర్ ఉన్న బల్బులు, హోల్డర్లు దొరుకుతాయి. రౌటర్ చెడిపోయినా, యాప్ మూతపడినా అవి పనిచేస్తాయి. వీధి దీపం వెలుతురు నేరుగా సెన్సర్ మీద పడకుండా చూసుకోవాలి. పడితే రాత్రి కూడా పగలే అనుకుని వెలగవు.