చెప్పింది చెప్పినట్టు

చరిత్ర అనగానే మన సీమలో పెనుకొండ కోట గుర్తొస్తుంది. 1565 యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్నాక తిరుమలరాయలు రాజధానిని అక్కడికే మార్చాడని బళ్ళో చదువుకున్నాం. మరి ఆ చుట్టుపక్కల పల్లెల సంగతులు? అడిగి రాసుకున్నవాళ్ళు ఉండబట్టే కొన్నైనా మిగిలాయి.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీవారికి ఇచ్చేశాడు. తర్వాత సర్వేకొచ్చిన మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి, కరణాలనూ పెద్దలనూ అడిగి, పాత కవిలెలు చూసి రాసినవే కైఫియత్తులు. ఆ పనిలో కావలి లక్ష్మయ్యగారిది పెద్ద చెయ్యి. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, పాళెగాళ్ళ తగవులేమిటి - ఇవన్నీ అందులో దొరుకుతాయి. ఆ చెరువు నీళ్ళు మోసిన ఆడవాళ్ళ మాట దొరకడమే కష్టం. అడిగితే కదా రాయడానికి!

అలా అడగడం తెలంగాణలో జరిగింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు సాయుధపోరాటంలో తిరిగిన ఆడవాళ్ళ దగ్గరికి టేపురికార్డరు పట్టుకెళ్ళి, విన్నది కాగితం మీద పెట్టి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం అందులో తమ గొంతుతోనే మాట్లాడతారు. ఉద్యమం కోసం కన్నబిడ్డను వదులుకున్న తల్లీ ఉంది. ఆ పేజీలు ఒక్క పట్టున చదవలేం.

టేపు విని రాయడం గుమాస్తా పని అనుకుంటాం. గంట మాటలకు నాలుగైదు గంటలు పడుతుంది, అది సరే. అసలు చిక్కు వేరు. హిందూపురం పక్క పల్లెలో ఒకామె "ఆ పొద్దు నీళ్ళు ల్యాక సచ్చిపోతిమి" అందనుకోండి. మనం చదువుకున్నవాళ్ళం కదా, "ఆ రోజుల్లో నీటి ఎద్దడి తీవ్రంగా ఉండేది" అని దిద్దేస్తాం. కరువు సంగతి తెలుస్తుంది గానీ, చెప్పినామె ఎవరో తెలియదు. మాట మధ్యలో ఆగి కొంగుతో కళ్ళు తుడుచుకుంటే అది టేపుకు అందదు. పక్కన రాసుకోవాల్సిందే.

ధర్మవరంలో పట్టుచీర నేసేది మగవాడనే లెక్క. కండెలు చుట్టే ఇల్లాలిని కదిపితే, "నాకేం తెలుసమ్మా, మా ఇంటాయన్ని అడగండి" అనవచ్చు. పనికిరాని మాటని చాలామంది దాన్ని కొట్టేస్తారు. నేనైతే ముందు దాన్నే రాస్తాను, ఆ మాట అంటున్నంతసేపూ ఆమె చేతులు కండె చుడుతూనే ఉన్నాయని కూడా.