సంగీతానికి పట్టా

కర్ణాటక సంగీతంలో విద్వాంసుడి అర్హతను వందేళ్ల కిందటి దాకా ఒక్క ప్రశ్నే తేల్చేది: ఎవరి శిష్యుడు? త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఇలాంటి వరస చెప్పగలిగితే కచేరీ పెట్టించేవారికి వేరే హామీ అక్కరలేదు. గురువుగారింట ఏళ్ల తరబడి ఉండి, చెప్పిన పనల్లా చేసి, ఆయన సాధకం చేసుకుంటుంటే తంబురా పట్టుకుని విని నేర్చుకునే చదువు అది. దానికి పరీక్ష లేదు, గడువు లేదు. గురువు తన పక్కన కూర్చోబెట్టుకుని పాడించిన రోజున శిష్యుడు విద్వాంసుడైనట్టే.

పద్ధతి గొప్పదే గానీ దాని వాకిలి ఇరుకు. సంగీతం తెలిసిన ఇంట పుట్టనివాడు, గురువు దగ్గరికి చేర్చే పెద్ద దిక్కు లేనివాడు బయటే ఉండిపోయేవాడు. ఆడవాళ్లలో కళావంతుల కుటుంబాల వారికి ఈ విద్య పుట్టుకతో అబ్బేది. మిగతా ఇళ్లలోని ఆడపిల్ల పదిమందిలో పాడటాన్ని పరువు తక్కువగా చూసేవారు.

తెలుగునాట ఈ వాకిలిని వెడల్పు చేసింది విజయనగరం. 1919లో విజయరామ గజపతిరాజు అక్కడ సంగీత పాఠశాల పెట్టారు. ఆస్థానోద్యోగి ఒకరి కుమారుడు అంధుడు, సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు. ఆ కుర్రవాడికి చదువు చెప్పించాలన్న తలంపే బడికి మూలమని అక్కడివారు చెబుతారు. తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. సంగీతంలో ఆయనది చాలావరకు స్వయంకృషి. వయొలిన్ చెప్పడానికి కుదిరిన ద్వారం వెంకటస్వామి నాయుడు కథ ఇంకా విశేషమైనది. 26 ఏళ్ల నాయుడు విద్యార్థిగా చేరదామని వెళ్తే, వాయించింది విన్నవాళ్లు ఆయన్ని ఆచార్యుడిగా నియమించారు. 1936లో నారాయణదాసు తర్వాత అధ్యక్ష పీఠం ఆయనకే దక్కింది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయన్ని సంగీత కళానిధిని చేసింది. పట్టాలు ఇచ్చే బడిని మొదట నడిపిన ఈ ఇద్దరికీ సంగీతంలో పట్టా లేదు. అది కొత్త బడికి లోపం కాలేదు. బడికి పరువు తెచ్చింది వాళ్లే.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మద్రాసు రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలూ ఈ దారి పట్టాయి. చిదంబరంలో అన్నామలై విశ్వవిద్యాలయం కింద సంగీత శిక్షణ సాగింది. మద్రాసు విశ్వవిద్యాలయం 1932లో సంగీతంలో డిప్లొమా ప్రవేశపెట్టింది. దీనితో విద్యకు ఒక క్రమం ఏర్పడింది: సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆపైన కృతులు. పక్కనే శాస్త్రం: రాగ లక్షణాలు, తాళ దశప్రాణాలు, వాగ్గేయకారుల చరిత్రలు. శాస్త్రానికి రాత పరీక్ష, ప్రయోగానికి బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ఎదుట పాడి వినిపించడం.

ఈ క్రమంలో ఇమిడేవి ఉన్నాయి, ఇమడనివీ ఉన్నాయి. కృతి పాఠం పదిమందికి ఒకేసారి చెప్పవచ్చు. కానీ రాగాలాపన, నెరవు, కల్పనస్వరం అప్పటికప్పుడు పుట్టేవి. తోడిలో గాంధారాన్ని ఎంత ఊపాలో, ఎక్కడ ఆపాలో పుస్తకంలోని స్వరాక్షరం చెప్పదు. గురువు గొంతు పక్కన గొంతు పెట్టి, తప్పితే మళ్లీ, తప్పితే మళ్లీ పాడితే తప్ప అది పట్టుబడదు. గంట కొట్టగానే ముగిసే తరగతిలో దానికి తావు తక్కువ. సంగీత కళాశాలల మీద మొదటి నుంచీ వినిపిస్తున్న ఆక్షేపణ ఇదే, అందులో నిజం ఉంది.

అయినా ఆ తరగతి గది లేకపోతే తెలుగువాళ్లకు ఘంటసాల దక్కేవారో లేదో. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయన, తనకు తెలిసినవారెవరూ లేని విజయనగరానికి సంగీతం కోసం వెళ్లారు. వారాలు చేసుకుని, మధుకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయన్ని చేరదీసి పాఠం చెప్పారు. సంగీత విద్వాన్ పట్టా చేతికి వచ్చాక క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లి, ఆ తర్వాత మద్రాసు చేరారు. అక్కడ పట్టా అన్నం పెట్టలేదు. పానగల్ పార్కులో పడుకున్న రాత్రులున్నాయి, బృందగానాల్లో గొంతు కలిపిన రోజులున్నాయి. సినిమావాళ్లు అడిగింది గొంతే గానీ కాగితం కాదు. కానీ కాగితం వెనకున్న చదువు ఎంత పనికొచ్చిందో ‘జయభేరి’లోని ‘రసికరాజ తగువారము కామా’ వింటే తెలుస్తుంది. పాట బాణీ పెండ్యాలది, అందులోని స్వరాల పరుగుకు దమ్ము విజయనగరం సాధకంది.

అదే కళాశాలలో ద్వారం భావనారాయణరావు దగ్గర నేర్చుకున్న పి. సుశీల డిప్లొమా మొదటి తరగతిలో అందుకున్నారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఎస్. జానకి చిన్నతనంలో పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడి దగ్గర కొంత నేర్చుకున్నారు. కళాశాల చదువు లేదు. ఇద్దరూ ఒకే స్టూడియోలలో దశాబ్దాల పాటు పాడారు. వాళ్లలో ఎవరు గొప్ప అన్న వాదనలో డిప్లొమా ప్రస్తావన ఎవరూ తేలేదు.

కచేరీ సంగీతంలో ఈ చిక్కు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నేదునూరి కృష్ణమూర్తి 1940లో విజయనగరం కళాశాలలో చేరి గాత్రం, వయొలిన్ నేర్చుకున్నారు. తర్వాత శ్రీపాద పినాకపాణి దగ్గర తన బాణీని మళ్లీ దిద్దుకున్నారు. పినాకపాణి వృత్తిరీత్యా వైద్యుడు, వైద్య కళాశాల ఆచార్యుడు. ఆయన చదివిన డిగ్రీలన్నీ వైద్యానివే. ఆయన చేతిలో నేదునూరి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి వారు తయారయ్యారు. కళాశాల పునాది వేస్తే, గురువు ఇల్లు కట్టాడు. నేదునూరి విషయంలో రెండిటిలో ఏది లేకపోయినా కుదిరేది కాదు. ఆ నేదునూరే తర్వాత ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. విజయవాడ సంగీత కళాశాల తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ పారుపల్లి వారి శిష్యుడు; బడి చదువు కూడా మధ్యలోనే ఆగింది.

పట్టాకు అసలు గిరాకీ కచేరీలో రాలేదు, జీతంలో వచ్చింది. సంస్థానాలు పోయాక విద్వాంసుణ్ణి పోషించే చేయి లేకుండా పోయింది. ఆ ఖాళీని కొంత రేడియో, కొంత సర్కారు కొలువు నింపాయి. రేడియో పట్టా అడగలేదు. బి.వి. కేస్కర్ కేంద్ర మంత్రిగా ఉన్న 1950లలో కళాకారులను పాడించి విని శ్రేణులు ఇచ్చే ఆడిషన్ పద్ధతి స్థిరపడింది. సర్కారు కొలువుకు మాత్రం కాగితం కావాలి. సంగీతం టీచరు ఉద్యోగం సర్టిఫికెట్, డిప్లొమాలతో వచ్చేది. నెలనెలా జీతం, చివర్లో పింఛను అంటే ఏ జమీందారు దయకూ చేయి చాచనక్కర లేదు. వంశంలో పాట లేని ఇళ్ల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, సంగీతాన్ని గౌరవప్రదమైన బతుకుతెరువుగా ఎంచుకోగలిగారంటే ఆ కాగితం చలవే.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా చదువులున్నాయి. విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ., పీహెచ్‌డీ దాకా ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పాలంటే మామూలు దారి ఎం.ఏ., నెట్. దానితోపాటు 2010 నాటి యూజీసీ నిబంధనలు మరో దారి తెరిచాయి: పేరున్న సంప్రదాయ గురువు దగ్గర నేర్చుకుని, ఆకాశవాణిలో గానీ టీవీలో గానీ ఉన్నత శ్రేణి పొంది, విషయాన్ని తర్కబద్ధంగా వివరించగల కళాకారుడు కూడా అధ్యాపక పదవికి అర్హుడేనని అవి చెప్పాయి.