ఋణవిద్యుదాత్మకతా భేదము – బంధముల అయానిక స్వభావము

రసాయన బంధమునందలి పరమాణువు ఉమ్మడి ఎలక్ట్రాన్లను తనవైపునకు లాగుకొను శక్తిని ఋణవిద్యుదాత్మకత యందురు. కూడిన పరమాణువులు రెండింటికిని ఈ శక్తియందు గల భేదము హెచ్చినకొలది, బంధము సమయోజనీయ స్థితిని వీడి అయానిక స్థితికి చేరువగును. అమెరికా రసాయనవేత్త లైనస్ పౌలింగ్ 1932లో బంధశక్తుల ఆధారముగా దీనికి అంకెలు కట్టెను. ఆ మానమున ఫ్లోరిన్ 4.0తో అగ్రమున నిలిచినది. ఆయన సూత్రము ననుసరించి, భేదము యొక్క వర్గమును నాలుగుతో భాగించి, సహజ లాగరితముల ఆధారమైన 2.718ను అంతటి ఋణఘాతమునకు చేర్చి, వచ్చిన ఫలమును ఒకటి నుండి తీసివేసినచో అయానిక భాగము తేలును. భేదము 1.7 అయినచో అది ఇంచుమించు 51 శాతము.

ఈ 1.7ను పాఠ్యపుస్తకములు పొలిమేర రాయివలె పాతిపెట్టినవి గాని, ప్రకృతి దానిని అంతగా పాటించినట్లు కానరాదు. హైడ్రోజన్ క్లోరైడునకు సూత్రము చెప్పు 18 శాతము ద్విధ్రువ భ్రామకపు కొలతతో చక్కగా సరిపోవును; కాని హైడ్రోజన్ ఫ్లోరైడు భేదము 1.9 అయ్యును అది అణువులుగనే మెలగును, భేదము 1.2 మాత్రమే గల సోడియం హైడ్రైడు నిస్సంశయముగా అయానిక స్ఫటికము. స్ఫటికమున ఒక్కొక్క పరమాణువును పలు పొరుగు పరమాణువులు చుట్టుకొనియుండుటచేత, ఇద్దరి తగవు తీర్చు సూత్రము అక్కడ చాలదు.

ఆ పొలిమేరమీదనే నిలిచిన పదార్థమును చూడదలచువారు బెంగళూరు బళేపేటలోని గాజుల అంగళ్ళకు పోయినను చాలును. అట్టి అంగళ్ళలో దారములకు గుత్తులుగా కట్టి అమ్ము మట్టిగాజులకు ప్రధాన ద్రవ్యము ఇసుకలోని సిలికా. ఋణవిద్యుదాత్మకత సిలికానునకు 1.8, ఆక్సిజనునకు 3.5 కాగా, భేదము సరిగా 1.7. బంధమునందలి సమయోజనీయ భాగము ప్రతి సిలికాన్ చుట్టును నాలుగు ఆక్సిజన్లను చతుర్ముఖిగా బిగించియుంచును. ఆక్సిజన్ వద్ద కోణము మాత్రము అంత బిగువుగా నుండక అటునిటు వంగుటచే, చతుర్ముఖులు క్రమము తప్పి అల్లుకొని స్ఫటికమునకు మారుగా గాజు ఏర్పడును. పౌలింగ్ అంకెలు వెలువడిన ఆ 1932లోనే, అవి వెలువడిన అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలోనే, జకారియాసెన్ అను శాస్త్రవేత్త ఈ అల్లికను ప్రతిపాదించెను. చేతికెక్కించునప్పుడు గాజు వంగక పుటుక్కున విరుగుటకు కారణము, లోహమునందువలె పొరలు జారుటకు ఈ అల్లిక చోటీయకుండుటయే.

శుద్ధ సిలికా కరగుటకు 1700 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. సోడియం కార్బొనేటు అను సోడా కలిపినచో కొన్ని వందల డిగ్రీలు దిగువనే పని జరుగును. భేదము 2.6, అయానిక భాగము 82 శాతము గల సోడియం–ఆక్సిజన్ బంధము దిశానియమమునకు లోబడదు; సోడాతో వచ్చిన ఆక్సిజన్ సిలికా వంతెనలను అక్కడక్కడ తెంచగా, సోడియం అయాన్లు ఆ తెగిన కొనల చెంత విడిగా చేరును. అయితే సోడా ఒక్కటే చేరిన గాజు నీట కరగిపోవును. అందులకే సున్నము కలుపుదురు. సున్నమునందలి కాల్షియం రెండు ఆవేశములతో తెగిన కొనలను పట్టియుంచి, సోడియం కదలికను అరికట్టును. అయినను చిరకాలము చెమ్మలో నుంచిన గాజు మసకబారుచునే యుండును. సోడియం అయాన్లు మెల్లగా వెలువడి, వాని స్థానమును నీటిలోని హైడ్రోజన్ ఆక్రమించుటయే దీనికి హేతువు.