చిన్న విమానం, పెద్ద చిట్టా



గుడియాత్తం నుంచి వేలూరు వెళ్లే బస్సుకు ఎఫ్.సి. ఉండాలని మీకు తెలుసు. మరి మీరే ఒక చిన్న విమానం కొన్నారనుకోండి. వేలూరు పక్కన అబ్దుల్లాపురంలో రన్‌వే ఉంది గదా అని ఎక్కి ఎగిరిపోవచ్చునా?

1910లో అయితే అడిగేవారు లేరు. ఆ ఏడు మద్రాసులో హోటలు యజమాని జాకోమో డి ఏంజెలిస్ తన సొంత నమూనాతో విమానం చేయించి, జనం ముందు ఎగిరి చూపాడు. మరుసటి ఏడే, 1911లో, ఎయిర్‌షిప్స్ చట్టం వచ్చింది. తరువాత 1934లో విమాన చట్టం, 1937లో దాని నియమావళి వచ్చాయి. 1934 నాటి చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులో ఉంది.

విమానం ఎవరిదో చెప్పేది రిజిస్ట్రేషన్. మన దేశపు విమానమైతే దాని మీద 'వి.టి.' అక్షరాలుంటాయి. అది ఎగరడానికి తగినదని చెప్పే సర్టిఫికెట్ వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది వచ్చినట్లు కాదు. బెంగుళూరులో మన శాస్త్రజ్ఞులు తయారుచేసిన రెండు సీట్ల 'హంస' తొలి నమూనా 1993లో ఎగిరింది. హంస-3కు టైప్ సర్టిఫికెట్ దొరికింది 2000లో!

అంతటితో అయిపోలేదు. ఇంజనుకు, ప్రొపెల్లరుకు వేర్వేరు లాగ్‌బుక్కులుంటాయి. ఎన్ని గంటలు ఎగిరిందో, ఏ భాగం మార్చారో వాటిలో రాయాలి. గడువు తీరిన భాగం చూపుకు కొత్తదిలా ఉన్నా తీసివేయవలసిందే. పనిని పరీక్షించి సంతకం చేసే ఇంజనీరుకూ లైసెన్సు కావాలి.

నేను బడిలో హాజరు పట్టీ తప్పు రాస్తే రేపు దిద్దుకోవచ్చు. ఆ ఇంజనీరు చూడకుండా సంతకం పెడితే, ఆకాశంలో దిద్దుకునే వీలు లేదు.