ముందు వెళ్లినోళ్ల బాకీ

అద్దంకి అంటే పండరంగని శాసనం అంటారు చరిత్ర పండితులు. క్రీ.శ. 848 నాటి ఆ రాతి మీద ఒక సేనాని గెలుపులు పద్యంగా ఉన్నాయి. ఆ తర్వాత రెడ్డిరాజుల రాజధాని అంటారు, ఎర్రన అంటారు. గుండ్లకమ్మ ఒడ్డున మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో బతికినోళ్లకు శాసనం లేదు, పద్యమూ లేదు. అయినా వాళ్లకూ ఒక చరిత్ర ఉంది. పల్లెలోంచి మొదట చదువుకున్న మనిషి తన వెనక వచ్చేవాళ్ల చెయ్యి పట్టుకున్న చరిత్ర అది. మేం రాయదలిచింది దాని గురించే.

1866 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆయన మాట పల్లెల్లోకి వెళ్లింది మాత్రం మాదిగల నోటి మీదుగానే. తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగినవాడు, అంతకుముందే యోగుల బోధ విన్నవాడు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత పని కంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర, ఇదే గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ పుస్తకాలు ఈ అంకె చూసి మురిసిపోతాయి. మేం అడిగేది వేరు. ఇంతమందికి అక్షరం చెప్పిందెవరు? ఉన్న కొద్దిమంది దొరలు చాలరు. రామాయపట్నం సెమినరీలో చదువుకున్న మనవాళ్లే పల్లెలకు తిరిగొచ్చి పంతుళ్లయ్యారు. మనోడే చదివాడు, మనమూ చదవొచ్చు అన్న ధైర్యం పల్లెకు తెచ్చింది వాళ్లే.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ల కోసం కాలేజీలు లేచాయి. ఫిస్క్ 1866లో, తర్వాత మోర్‌హౌస్ కాలేజీ అయిన బడి 1867లో మొదలయ్యాయి. 1881లో అట్లాంటాలో స్పెల్మన్‌ను పెట్టింది కూడా బాప్టిస్టు స్త్రీలే. అక్కడ చదువుకున్నవాళ్లు వెనక్కి తిరిగి చూడటం ఒక పద్ధతిగా మారింది. ఫిస్క్‌లో చదివే రోజుల్లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్స్ వేసవి సెలవుల్లో టెనెసీ పల్లెల్లో నల్లపిల్లలకు చదువు చెప్పాడు. మోర్‌హౌస్ అధ్యక్షుడు బెంజమిన్ మేస్ తన విద్యార్థి మార్టిన్ లూథర్ కింగ్‌కు గురువుగా నిలబడ్డాడు. పాత విద్యార్థుల సంఘాలు స్కాలర్‌షిప్‌లకు డబ్బు పోగుచేస్తాయి, కొత్తగా వచ్చినవాళ్లకు తోడుంటాయి. ఇదే డుబోయ్స్‌కు 1946లో అంబేద్కర్ ఉత్తరం రాశాడు. మన స్థితికీ వాళ్ల స్థితికీ ఉన్న పోలిక ఆయన ఎప్పుడో చూశాడు.

మన సంగతికొద్దాం. దళితులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో వచ్చింది. అది ఫీజుకు దారి చూపింది. ఏ కోర్సుకు ఎప్పుడు అప్లికేషన్ పెట్టాలి, ఎంట్రన్సు ఎట్లా రాయాలి, గైడుతో ఏం మాట్లాడాలి, వీటికి ఏ స్కీమూ లేదు. అగ్రకులం పిల్లోడికి ఇవి అన్నం తినేటప్పుడు ఇంట్లోనే తెలుస్తాయి. మా ఇంట్లో అన్నం దగ్గర రేపు ఎవరి చేలో మిరపకాయల కోత అన్నదే మాట. కోతలు ముమ్మరంగా ఉండే రోజులూ పరీక్షల రోజులూ ఒకటే. పత్తి తీసి, మిరపకాయలు కోసి అమ్మ కూడబెట్టిన డబ్బుతో మేం యూనివర్సిటీకి పోయాం. అక్కడొక ఆఫీసులో మా కాయితం నెలల తరబడి కదల్లేదు. దాన్ని కదిలించింది మాకంటే నాలుగేళ్లు ముందొచ్చిన హాస్టల్ అన్న. తన గదిలో చోటిచ్చాడు, తన మెస్ అన్నం పంచాడు, మా మొదటి వ్యాసం ఎర్ర సిరాతో దిద్దాడు. ఆయన లేకపోతే మేం మళ్లీ కోతలకే పోయేవాళ్లం.

ఆ అన్నల వెనకా చరిత్ర ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు చీరాల శిబిరంలో బాధితుల పక్కన నిలిచినవాళ్లలో లెక్చరర్ కత్తి పద్మారావు, లాయర్ బొజ్జా తారకం ఉన్నారు. చదువు పల్లెకు తిరిగిరావడం అంటే ఇది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చదువుకున్న దళితుడు సినిమా హాల్లో కాలు చాపుకుని కూర్చోవడం కూడా అక్కడ నేరమైంది. 1993లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. అదే సంఘంలో పనిచేసిన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల, హాస్టల్ నుంచి వెలివేయబడి, 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. పక్కన తోటివాళ్లున్నా, యూనివర్సిటీ మొత్తం ఎదురుతిరిగితే ఆ తోడు ఒక్కటే చాలదని ఆ చావు చెబుతుంది.

ఇక మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న. 1994 జూలై 7న ఈ ప్రాంతంలోనే ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. ఎవరి వాటా ఎవరికి చేరిందని అది అడిగింది. ఉపవర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. చెయ్యి పట్టుకునే విషయంలోనూ ఆ ప్రశ్నే వర్తిస్తుంది. ఒక పల్లె నుంచి ఒకడు చేరితే రెండోవాడు తేలిగ్గా చేరతాడు. చుట్టరికం మీద, చర్చి మీద, ఉపకులం మీద నడిచే సాయం ఉన్నచోటే పెరుగుతుంది. ఎవరూ చేరని పల్లెకు అన్న ఎక్కణ్ణుంచి వస్తాడు? ఆడపిల్లల హాస్టల్లో అక్క ఎక్కడ? ఉద్యోగం రాగానే పట్నంలో కులం దాచుకుని బతికే అన్నల సంగతేంటి?

అందుకే మనిషి మంచితనం మీద దీన్ని వదిలెయ్యకూడదంటున్నాం. 2012 తర్వాత తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ హయాంలో స్వేరోల పేరుతో పాత విద్యార్థులు, ఇప్పటి విద్యార్థులు ఒక్కటయ్యారు. ఆ పని ఇక్కడా జరగాలి. అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో డిగ్రీ దాటినవాళ్ల జాబితా, అందులో ఆడవాళ్ల పేర్లు విడిగా, ఎవరూ లేని పల్లెల పేర్లు అన్నిటికంటే పైన రాయాలి. ప్రతి హాస్టల్‌కూ ఒక అన్న, ఒక అక్క ఉండాలి, వాళ్లు ఆ పల్లెవాళ్లు కాకపోయినా సరే.

పంతుళ్లు తిరిగొచ్చారు కాబట్టి మనం ఇక్కడున్నాం. ఆ బాకీ వాళ్లకు తీర్చలేం. వెనక వచ్చేవాళ్లకే తీర్చాలి.